రెండో ఫొటో

ఆ వేసవిలో మా బావగారి భుజం నొప్పిని నేను నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మకుండా ఉండటానికి కావలసిన సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటే ఏరి దాచుకున్నాను. ఎముకల ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నదాన్ని. సెలవు చీటీ కోసం కుంటేవాళ్ళనూ, డాక్టరు గది దాకా మూలుగుతూ వచ్చి, గేటు దాటగానే కర్ర చంకలో పెట్టుకుని చకచకా నడిచిపోయేవాళ్ళనూ చాలామందినే చూశాను. నా చెవిలో పువ్వు పెట్టడం అంత తేలిక కాదని నాకో గర్వం ఉండేది.

బావగారంటే మా ఆయన అన్నగారు. అన్నదమ్ములిద్దరిదీ రంగులు వేసే పని. ఒకే ఇల్లు, కింద వాళ్ళు, మేడ మీద మేము. వంటగది మాత్రం ఇద్దరికీ ఒక్కటే, కింద. బావగారు ఆరడుగుల పైమాటే, చేతులు కూడా ఆ కొలతకు తగ్గట్టే పొడుగు. తోటి పనివాళ్ళు ఆయన్ని 'నిచ్చెన' అని పిలిచేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా పైకప్పులన్నీ ఆయనవి, గోడలన్నీ మా ఆయనవి. ఆ పంపకం మేము కోడళ్ళం ఆ ఇంట్లో అడుగుపెట్టక ముందే జరిగిపోయింది.

ఆ ఏడు సెలవుల్లో ఒక పెద్ద బడికి రంగులు వేసే పని ఒప్పుకున్నారు. నలభై గదులు, ఒక సభా మందిరం. బడి తెరిచేనాటికి పరంజా కర్ర ఒక్కటి కూడా కనబడకూడదని హెడ్ మాస్టరు ముందే గట్టిగా చెప్పాడట. పని మొదలైన రెండో వారంలో బావగారు కుడి భుజం పట్టుకుని పరంజా దిగిపోయారు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చేసరికి జుట్టంతా సున్నపు చుక్కలే. గోడలు వేసేవాడి తల మీద చుక్కలు పడవు.

"ఇదేంటి, నెత్తి మీద?" అన్నాను.

"ఇవాళ్టి నుంచి పైకప్పులూ నేనే, గోడలూ నేనే. అన్నయ్య చెయ్యి లేవట్లేదట. సగం దాకా వచ్చేసరికి కత్తి పెట్టి కోసినట్టు ఉందట. కింద కూర్చుని పుట్టీ కలుపుతున్నాడు."

"పాపం, నిజంగానే నొప్పేమో," అన్నాను మాటవరసకి.

"నొప్పా! పొద్దున ఇరవై లీటర్ల డబ్బాలు రెండు, చేతికొకటి పట్టుకుని మూడో అంతస్తు దాకా మోశాడు. డబ్బా మోసినప్పుడు లేని నొప్పి రోలరు పట్టుకుంటేనే వచ్చిందా?"

ఆ మాట నా మనసులో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. నిజమే కదా అనిపించింది. భుజం పాడైనవాడు ఎక్కడైనా డబ్బాలు మోస్తాడా? అప్పటి నుంచి బావగారి మీద ఒక కన్నేసి ఉంచాను.

చూడాలనుకుంటే కనిపించేవి బోలెడు. పొద్దున్నే వెనక వరండాలో అక్క, అంటే నా తోడికోడలు, ఆయన వెనక నిలబడి తల దువ్వేది. యాభై రెండేళ్ళ మనిషికి, చంటిపిల్లాడికి దువ్వినట్టు. తరువాత చొక్కా తొడిగేది. ముందు కుడి చెయ్యి దూర్చి, ఆ తరువాత ఎడమ. నాకు నవ్వాగేది కాదు. ఒకరోజు అక్క చూడనే చూసింది.

"నవ్వుకో తల్లీ, నవ్వుకో. నీ మొగుడికి వస్తే తెలుస్తుంది," అంది.

"నేనెందుకు నవ్వుతానక్కా," అన్నాను గానీ మొహం దాచుకోవడం నాకు చేతకాదు.

మూడో సాక్ష్యం దొరికింది ఒక ఆదివారం. మేడ మెట్లు దిగుతున్నాను. బావగారు వీధి గుమ్మంలో నిలబడి, ఎదురింటి టైలరుతో కబుర్లు చెబుతూ పకపకా నవ్వుతున్నారు. ఆ కుడి చెయ్యి, లేవడం లేదన్న ఆ చెయ్యే, నిటారుగా పైకి చాచి, ద్వారబంధం మీద వేళ్ళు ఆనించి ఉంది. నేను మెట్టు మీదే ఆగిపోయాను. ఆయన నన్ను చూడలేదు. అలా పది నిమిషాలు నిలబడ్డారు. పది నిమిషాలూ లెక్కపెట్టుకుంటూ నేనూ నిలబడ్డాను.

ఆ సంగతి మా ఆయనకు చెప్పకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో. చెప్పాను. భోజనం ముందు కూర్చున్న మనిషి చెయ్యి కడిగేసుకున్నాడు.

"నీ దగ్గర మిషనుంది కదా. ఒక ఫొటో తీసి చూడు. ఉందో లేదో తేలిపోతుంది."

"లేదని తేలితే?"

"ఈ బడి పని అవగానే వేరు పడిపోదాం. నా నడుం విరగ్గొట్టుకుని వాణ్ణి కూర్చోబెట్టి మేపలేను."

అన్నయ్యను మా ఆయన 'వాడు' అనడం నేను వినడం అదే మొదలు. నాకు భయం వేసింది. కానీ ఆ భయం వెనక, నేను కనిపెట్టిందే నిజం కాబోతోందన్న సంబరం కూడా కాస్త ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

బావగారిని అడిగితే మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. "తియ్యమ్మా తియ్యి. నాకూ తెలియాలి. పని ఎగ్గొట్టి కూర్చోవడం నాకు మాత్రం సరదానా?" అన్నారు. అంత సులువుగా ఒప్పుకోవడం కూడా నాకు నాటకంలాగే కనిపించింది. ఏముందిలే, ఫొటో అంటే జంకితే దొరికిపోతాడు కదా, అందుకే ధీమా నటిస్తున్నాడు అనుకున్నాను. అనుమానం పట్టినవాళ్ళకి ఎదుటివాడు అవునన్నా తప్పే, కాదన్నా తప్పే.

డాక్టరు చీటీ లేకుండా ఫొటో తీయకూడదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ క్యాంటీనుకు వెళ్ళాక ఆయన్ని గదిలోకి పిలిచాను. రిజిస్టరులో పేరు ఎక్కించలేదు. చొక్కా విప్పడానికి ఆయన చాలాసేపు తీసుకున్నారు. నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను, సాయం చెయ్యలేదు.

"ఇటు తిరిగి నిలబడండి. ఊపిరి బిగబట్టండి. ఆఁ, వదిలెయ్యండి."

తెర మీద భుజం వచ్చింది. బంతిలా గుండ్రటి చేతి ఎముక, దాని పక్కన గిన్నెలాంటి ఎముక, రెంటి మీదా చూరులా వాలిన పై ఎముక. ఎక్కడా పగుల్లేదు, విరుపు లేదు. బంతికీ చూరుకీ మధ్య ఉండవలసిన ఖాళీ మాత్రం కాస్త ఇరుకుగా ఉంది. అది నా కంటపడింది. పడలేదని ఇప్పుడు చెప్పుకోలేను.

భుజానికి ఒక్క ఫొటో సరిపోదని మాకు శిక్షణ మొదటి వారంలోనే చెబుతారు. ఎదురుగా ఒకటి, ఆపైన మనిషిని వారగా తిప్పి, మిషను గొట్టాన్ని కిందికి వంచి ఇంకొకటి తీయాలి. చూరు కింది వంపు ఆ రెండోదానిలోనే తెలుస్తుంది. అసలు కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ ఎక్స్‌రేలో కనిపించనే కనిపించదు, ఎన్ని తీసినా సరే. బయటివాళ్ళెవరైనా అయితే ఆ ఇరుకు చూసి రెండోది తీసేదాన్ని, డాక్టరుకు చూపించుకోండి అని కూడా చెప్పేదాన్ని. కానీ అప్పటికే నా తీర్పు రాసిపెట్టుకుని ఉన్నాను. ఒక్క ఫొటో దానికి సరిపోయింది.

"ఏమీ లేదు బావగారూ. ఎముక శుభ్రంగా ఉంది."

ఆయన తన భుజం వంక, ఎవరో పరాయివాళ్ళ భుజాన్ని చూసినట్టు చూసుకున్నారు. "మరి ఇంత నొప్పి ఎందుకమ్మా?"

"కదపకుండా ఉంచితే బిగుసుకుపోతుంది. పని చేస్తుంటే అదే సర్దుకుంటుంది," అన్నాను.

ఆ మాట ఎవరూ నన్ను అనమనలేదు. నాకు నేనే అన్నాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అందరం ఉన్నాం. మా ఆయన నా మొహంలోకి చూశాడు. "ఫొటోలో ఏమీ లేదు," అన్నాను. అక్క వడ్డిస్తున్న గరిటె ఆగిపోయింది.

"ఏమీ లేదంటే?"

"ఎముకలో ఏమీ లేదక్కా."

అక్క నా వంక చాలాసేపు చూసింది. నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను. మాట్లాడింది బావగారే. "పోనీలే, మంచిదేగా. నేనే ఊరికే బెంబేలుపడ్డాను. రేపట్నుంచి పైకప్పులు నేను ఎక్కుతాలేరా," అన్నారు తమ్ముడితో. మా ఆయన తలెత్తకుండా "ఊఁ" అన్నాడు.

తరువాత తొమ్మిది రోజులు బావగారు పరంజా ఎక్కారు. పద్నాలుగు గదుల పైకప్పులు పూర్తి చేశారు. "చూశావా, భేషుగ్గా వేస్తున్నాడు. అంతా వేషం," అనేవాడు మా ఆయన ఇంటికి వచ్చి. ఆ రోజుల్లో నేను ఇంట్లో కాస్త తల ఎగరేసుకుని తిరిగాను. అక్క నాతో పొడిపొడిగా మాట్లాడేది. దొరికిపోయినవాడి పెళ్ళాం కదా, ఆ మాత్రం ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

పదో రోజు నాకు సెలవు. అక్కకు తలనొప్పిగా ఉందంటే, భోజనం క్యారియరు పట్టుకుని బడికి నేను వెళ్ళాను. సభా మందిరం ఖాళీగా, చల్లగా ఉంది. పరంజా చివర బావగారు నిలబడి ఉన్నారు, వీపు నా వైపు. మా ఆయన కింద, కిటికీ పక్క గోడ గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఇద్దరూ నన్ను చూడలేదు. పాత అలవాటు కొద్దీ నేను వెంటనే పలకరించలేదు. నిలబడి చూశాను.

బావగారు రోలరును రంగులో ముంచారు. కుడి చేత్తో దాన్ని ఎత్తబోయి, ఎడమ అరచెయ్యి కుడి మోచేతి కింద పెట్టారు. లారీ చక్రం కింద జాకీ పెట్టినట్టు ఎడమ చేత్తో కుడి చేతిని పైకి తోశారు. సగంలో ఒళ్ళంతా బిగుసుకుంది, మెడ నరాలు పొంగాయి. ఆ సగం దాటాక బిగింపు వదిలేసింది. పైకప్పుకు ఆనాక చెయ్యి దానంతటదే హాయిగా అటూ ఇటూ కదిలింది. దించేటప్పుడు మళ్ళీ అదే తంతు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ద్వారబంధం మీద ఆనించిన ఆ వేళ్ళు నా కళ్ళ ముందుకు వచ్చాయి.

"బావగారూ, దిగండి," అందామని నోరు తెరిచాను. రోలరు అప్పటికే జారిపోయింది. కింద పరిచిన బరకం మీద పడి, తెల్లటి చార గీసుకుంటూ నా కాళ్ళ దాకా దొర్లి వచ్చింది. ఆయన అరవలేదు. వేలాడుతున్న చేతిని ఒకసారి చూసుకున్నారు.

"ఒరే, చెయ్యి రావట్లేదురా," అన్నారు, రంగు అయిపోయిందిరా అన్నంత మామూలుగా.

మా ఆయన పరంజా ఎక్కిన వేగం చూస్తే, అన్నయ్యను 'వాడు' అన్నది ఈ మనిషేనా అనిపిస్తుంది.

మా ఆసుపత్రిలో భుజాలు చూసే డాక్టరమ్మ పొట్టి మనిషి, మాట కరుకు. బావగారి చెయ్యి తనే ఎత్తి పట్టుకుని "ఇలాగే ఉంచండి" అని వదిలేసింది. చెయ్యి దబ్బున కిందికి పడిపోయింది. స్కాను రాసింది. రెండు భుజాలకూ రెండేసి ఫొటోలు తీయమని చీటీ నా చేతికే ఇచ్చింది.

మళ్ళీ అదే గది, అదే మిషను. ఈసారి చొక్కా నేనే విప్పాను. ముందు కుడి చెయ్యి కాదు, ఎడమ చెయ్యి. తొడిగేటప్పుడు కుడి ముందు, విప్పేటప్పుడు కుడి చివర. అక్క వరండాలో రోజూ చేస్తున్నది ఎందుకో అప్పుడు అర్థమైంది. రెండో ఫొటోకి ఆయన్ని వారగా తిప్పి, గొట్టం వంచాను. తెర మీద చూరు ఎముక ముందు కొస కిందికి వంగి ఉంది, కొక్కెంలా. ఇంత స్పష్టమైన కొక్కెం నేను ఏడాదికి ఒకటో రెండో చూస్తానేమో. ఎడమ భుజం తీశాను. అక్కడా అదే కొక్కెం.

స్కాను కాగితాలు వచ్చాక డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టింది. నన్నూ ఉండమంది, ఇంటివాళ్ళకు అర్థమయ్యేలా చెబుతానని కాబోలు.

"పై ఎముకకీ చేతి ఎముకకీ మధ్య నుంచి చేతిని ఎత్తే టెండన్ పోతుంది. మీకు పై ఎముక కొస కిందికి వంగి ఉంది. చెయ్యెత్తినప్పుడల్లా టెండన్‌ను అది ఒరుసుకుంటుంది. ఒరిసి ఒరిసి చిరిగింది. ఇప్పుడు పూర్తిగా తెగింది."

బావగారు కాస్త ఆలోచించారు. "పైకప్పులో మేకు తల పొడుచుకొచ్చి ఉంటే, రోలరు తోసినప్పుడల్లా బొచ్చు ఊడినట్టన్నమాట."

"అంతే. నాకు ఇన్నేళ్ళుగా ఈ ముక్క తట్టలేదు," అంది డాక్టరమ్మ, మొదటిసారి నవ్వి.

"అంటే పుట్టుకతో వచ్చిందా? పని వల్ల కాదా?" అన్నాడు మా ఆయన.

"ఎముక ఒక్కదాని మీదే నేరం మోపలేను. ఎడమ వైపూ అదే కొక్కెం, కానీ స్కానులో ఆ టెండన్ నిక్షేపంలా ఉంది. ఇరవై ఆరేళ్ళు పైకెత్తింది ఏ చెయ్యి?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "మరి డబ్బాలు మోశాడండీ. మూడంతస్తులు..."

"వేలాడే చేతికి ఆ కొక్కెం అడ్డురాదు. సగం ఎత్తులోనే ఎక్కువ నొక్కుతుంది. అది దాటితే చాలామందికి నొప్పి తగ్గిపోతుంది."

బావగారు నా వైపు తిరిగారు. ఆ రోజు నేను మెట్ల మీద నిలబడటం ఆయన చూశారేమో, నాకు ఇప్పటికీ తెలియదు. "అవునమ్మా. ఎడమ చేత్తో ఎత్తి గుమ్మం మీద పెట్టుకునేవాణ్ణి. పెట్టాక బాగానే ఉండేది. దించాలంటేనే భయం. అందుకే ఆ టైలరుతో అంతసేపు సోది," అని నవ్వారు. ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ కలం తీసింది. "ఆపరేషను చెయ్యాలి. రెండు వారాల కిందట వచ్చి ఉంటే, చిన్న చిరుగు దగ్గరే ఆగి, విశ్రాంతితో, వ్యాయామంతో సరిపోయేదేమో. నొప్పి మొదలయ్యాక ఎక్కడైనా ఫొటో తీయించుకున్నారా?"

మా ఆయన నేల వంక చూస్తున్నాడు. అక్క తిన్నగా నా కళ్ళలోకి చూస్తోంది.

"లేదండీ. ఇదే మొదలు," అన్నారు బావగారు.

రెండు వారాలకు పైగా ఆ మనిషి నిజం చెబితే మా ఆయనా నేనూ నమ్మలేదు. ఆ ఒక్క అబద్ధాన్ని డాక్టరమ్మ చప్పున నమ్మేసి కాగితం మీద రాసుకుంది.

ఆ సాయంత్రం వంటగదిలో అక్క ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళాను. తేలు కుట్టిన దొంగలా గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. "అక్కా, చిరిగినది ఎక్స్‌రేలో కనబడదు. నాకు ఆ రోజే తెలుసు."

"నీకు తెలుసని నాకూ ఆ రోజే తెలుసు," అంది అక్క, పొయ్యి మీంచి కళ్ళు తిప్పకుండా. "ఎముకలో ఏమీ లేదన్నావు. భుజంలో ఏమీ లేదనలేదు. నువ్వు అంత తూచి మాట్లాడితే ఏదో ఉందని అర్థం."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే నన్ను నమ్మేవాళ్ళెవరు, ఈ ఇంట్లో?"

నాకు ఏడుపొచ్చింది. అక్కకు రాలేదు. వేరు పడదామన్నది మా ఆయన, అది మరిచిపోయిందీ మా ఆయనే. వంట వేరు పెట్టింది మాత్రం అక్క. బడి తెరిచే వారంలో మేడ మీదకి ఒక పొయ్యి వచ్చింది. ఎవరూ గొడవ పడలేదు. బావగారు మాత్రం, కుడి చెయ్యి మెడకు కట్టుకుని, సాయంత్రం కాగానే మెట్లెక్కి వచ్చి నా చేతి టీ తాగి వెళ్ళేవారు. డాక్టరమ్మకు నేను ఇప్పటికీ చెప్పలేదు. చెబితే బావగారు అబద్ధాలకోరు అవుతారన్నది నేను చెప్పుకునే సాకు.

బడి పని మా ఆయన ఒక్కడే పూర్తి చేశాడు. ఆ తరువాత ఒప్పుకున్న పనుల్లోనూ పైకప్పులు ఆయనవే అయ్యాయి. మొదటి వానలు పడే రోజుల్లో బావగారు ఆపరేషను తరువాతి ఫొటోకి వచ్చారు, డాక్టరమ్మ చీటీతో. పేరు రిజిస్టరులో ఎక్కించాను. చొక్కా విప్పాను. ఎదురుగా ఒకటి తీశాను.

"అయిపోయిందామ్మా?"

"లేదు బావగారూ, ఇంకొకటుంది." వారగా తిప్పి, గొట్టం కిందికి వంచాను. తెర మీద చూరు ఎముక కొస చదునుగా ఉంది. కొక్కెం చెక్కేశారు. చూపించాను. ఆయన మురిసిపోయారు.

చొక్కా తొడుగుతుంటే నెమ్మదిగా అన్నారు. "వీలు చూసుకుని తమ్ముడివి కూడా తియ్యమ్మా. ఎముక మా నాన్న దగ్గర్నుంచి ఇద్దరికీ ఒకటే వచ్చిందేమో."

"ఆయన బాగానే ఉన్నారు బావగారూ. నొప్పి అని ఒక్కరోజు కూడా అనలేదు."

"ఎలా అంటాడమ్మా? నేను అన్నప్పుడు ఏం జరిగిందో చూశాడుగా. వారం రోజులుగా ఎడమ చేత్తో తల దువ్వుకుంటున్నాడు."

చొక్కా గుండీ దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. మా ఆయన మొహం నేను రోజూ చూస్తాను. పాపిట ఇటు నుంచి అటు మారిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది.